మిగతాదంతా ఎవరు నేశారు?

టీవీ రిమోట్ ఒకటి చేతిలోకి తీసుకోండి. దాని ముందున్న చిన్న గాజుబుడిపెను సెల్‌ఫోన్ కెమెరా వైపు తిప్పి ఏదో ఒక బటన్ నొక్కండి. కంటితో చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ఫోను తెర మీద మాత్రం ఊదారంగు చుక్క ఒకటి మినుకుమినుకుమంటుంది! వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు ఈ వెలుగును ఆపేసే వడపోత ఉంటుంది.

అదే ఇన్‌ఫ్రారెడ్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో పరారుణం. ఎరుపు రంగుకు అవతల ఉండే వెలుగు. నిజానికి ఫోను తెర మీద కనిపించే ఆ ఊదారంగు కూడా దానిది కాదు. పరారుణానికి రంగంటూ లేదు. కెమెరా తనకు తెలిసిన రంగుల్లో ఒకదాన్ని దానికి తొడిగిందంతే. కంటికి కనబడనిదాన్ని చూపించాలంటే ఎవరో ఒకరు దానికి రంగు వేయక తప్పదు. ఆ వేసేవాళ్లెవరు, ఏ లెక్కన వేస్తున్నారు? ఇది అడగడం నేర్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఓ చెక్కపలక చాలు.

పదహారు గళ్ల పలక

నగరి అంటే మరమగ్గాల చప్పుడు. ఏకాంబరకుప్పం వీధుల్లో తెలుగూ తమిళమూ కలగలిసి వినిపిస్తాయి. వాటి వెనకే నాడెల టకటక. అలాంటి ఓ మగ్గాల ఇంట్లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడిని ఊహించండి. పుత్తూరు దగ్గర కాలేజీకి బస్సులో వెళ్లొస్తుంటాడు. 'మా చేతిపని మాతోనే పోనీ, వీడైనా కంప్యూటర్ ముందు కూర్చోవాల' అన్నది ఆ ఇంటి పెద్దల కోరిక. ఆ కుర్రాడు సెలవుల్లో మిద్దె మీద కూర్చుని ఓ పలక తయారు చేస్తున్నాడనుకోండి.

పలక మీద నిలువు నాలుగు, అడ్డం నాలుగు... మొత్తం పదహారు గళ్లు. ఒక్కో గడిలో రెండు చిన్న బుడిపెలు. ఒకటి రిమోట్‌లో ఉండేలాంటి ఎల్ఈడీ. అది పరారుణ వెలుగును పైకి చిమ్ముతుంది. రెండోది ఫొటో ట్రాన్సిస్టర్. దాని మీద వెలుగు ఎంత పడితే కరెంటును అంత ఎక్కువగా పోనిస్తుంది. పలక మీదికి చెయ్యి తెస్తే కింది నుంచి వెళ్లిన వెలుగు అరచేతికి తగిలి వెనక్కి వస్తుంది. చెయ్యి దగ్గరైతే ఎక్కువ, దూరమైతే తక్కువ.

ఆ ఎక్కువ తక్కువల్ని లెక్కగా మార్చేది ఆర్డినో అనే బుల్లి సర్క్యూట్ బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో, ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థులకు కూడా పనికొచ్చేలా దీన్ని రూపొందించారు. అందరికీ అందుబాటులోకొచ్చిన ఆర్డినో ఊనో రకం బోర్డు తన దగ్గరికొచ్చే కరెంటు వోల్టేజిని 0 నుంచి 1023 లోపు అంకెగా చెబుతుంది. పదహారు గళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి పలకరించడానికి మధ్యలో ఓ చిప్ ఉంటే సరి. సెకనుకు బోలెడుసార్లు పదహారేసి అంకెలు కంప్యూటర్‌లోకి వచ్చి పడుతుంటాయి.

అంకెల వరసల్ని చూసి చెయ్యి ఎక్కడుందో ఎవరు చెప్పగలరు? అందుకే వాటిని బొమ్మగా మార్చాలి. ఆ పని కోసం బెన్ ఫ్రై, కేసీ రియాస్ అనే ఇద్దరు 2001లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో 'ప్రాసెసింగ్' అనే ప్రోగ్రామింగ్ పద్ధతిని మొదలెట్టారు. బొమ్మలేసేవాళ్లు కూడా కంప్యూటర్‌తో పని చేయించుకోవాలన్నది వాళ్ల ఆలోచన. పెద్ద అంకెకు ఎరుపు, చిన్న అంకెకు నీలం అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు, చెయ్యి ఆడించినట్టల్లా తెర మీద రంగులు కదులుతాయి. చూడ్డానికి సరదాగా ఉంటుంది. అసలు కథ ఆ సరదా తీరాకే మొదలవుతుంది.

ఎండ వేసిన కొర్రీ

పొద్దున బ్రహ్మాండంగా పని చేసిన పలక మధ్యాహ్నానికి పిచ్చిగా ప్రవర్తిస్తుంది. భోజనానికి పిలవడానికి మిద్దెక్కిన తండ్రి తెరను చూసి, "ఏందిరా అబ్బోడా, చెయ్యి పెట్టకుండానే అంతా ఎర్రగా అయితాండాదే!" అంటాడు. "ఎండ నాయినా. ఎండలో కూడా ఈ వెలుగు ఉండాది" అన్నది కొడుకు జవాబు.

నిజమే. సూర్యుడి నుంచి వచ్చే వెలుగులో పరారుణం పుష్కలం. తన ఎల్ఈడీ పంపిన వెలుగేదో, ఆకాశం నుంచి పడిందేదో ఆ బుడిపెకు తెలీదు. రెండిటినీ కలిపి ఒకే అంకె చెబుతుంది. దీనికో ఉపాయం ఉంది. ముందు ఎల్ఈడీని ఆర్పి ఒకసారి కొలవాలి. వెంటనే వెలిగించి ఇంకోసారి కొలవాలి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎండ వాటా పోతుంది. మరీ నడినెత్తిన ఎండ ఉంటే ఈ ఉపాయమూ పారదు. ఎల్ఈడీ ఆర్పినా 1023, వెలిగించినా 1023 వస్తాయి. తీసేస్తే మిగిలేది సున్నా. అప్పుడు లెక్క మానేసి పలకను నీడలోకి తెచ్చుకోవాల్సిందే!

పరారుణం పుట్టిన రోజునే ఈ జాగ్రత్త కూడా పుట్టింది. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్‌తో చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట కూడా పాదరసం పైకెక్కింది. అయితే ఆయన వాడింది ఒక్క థర్మామీటర్ కాదు. రంగులు పడని చోట పోలిక కోసం మరో రెండు పెట్టాడు. గది వేడెక్కడం వల్లే పాదరసం పెరిగిందంటారేమోనని ముందే చూసుకున్నాడన్నమాట. అంకె ఎంతొచ్చిందన్నదే కాదు, ఏమీ లేనప్పుడు ఎంతొస్తుందన్నదీ తెలియాలి.

నల్లబట్ట తెల్లగా...

రెండో పాఠం మగ్గాల ఇంట్లోనే దొరుకుతుంది. మూల పడి ఉన్న గుడ్డముక్కల్ని ఒక్కోటీ తీసి పలకకు ఒకే ఎత్తులో పట్టుకుంటే ఒక్కోదానికీ ఒక్కో అంకె వస్తుంది. ఎత్తు మారలేదు. గుడ్డ మారిందంతే! అంతకన్నా విడ్డూరం... కంటికి కారునలుపుగా కనిపించే కొన్ని అద్దకపు బట్టలు పరారుణానికి దాదాపు తెల్లబట్టలా మెరుస్తాయి. కంటికి కనిపించే వెలుగును మింగే అద్దకం ఈ వెలుగును మింగకుండా వదిలేస్తుంది మరి.

అంటే పలక చెబుతున్నది దూరం కాదు. వెనక్కొచ్చిన వెలుగు ఎంతో చెబుతోంది. దాన్ని దూరం అనుకున్నది చూసే మనిషి. అంకెకూ దాని అర్థానికీ మధ్య ఉన్న ఈ చిన్న జాగా పలక మీదైతే నవ్వుకుని వదిలేసేది. కానీ అదే జాగా ప్రాణం మీదికొచ్చిన సందర్భం కూడా ఉంది.

2020, 2021ల్లో కరోనా కాలాన వేలికి తొడుక్కునే పల్స్ ఆక్సీమీటర్‌ను ఎన్నో ఇళ్లలో కొన్నారు. దాని లోపలున్నదీ ఈ పలక చుట్టమే. ఒకవైపు ఎరుపు వెలుగు, పరారుణ వెలుగు చిమ్మే ఎల్ఈడీలు. రెండోవైపు వాటిని అందుకునే సెన్సర్. జపాన్ ఇంజినీరు టకువో అయోయగి 1974లో దీని కిటుకును బయటపెట్టాడు. ఆక్సిజన్ మోసే రక్తం ఎరుపును ఎక్కువగా వదిలేసి పరారుణాన్ని ఎక్కువగా మింగుతుంది. ఆక్సిజన్ లేని రక్తం దీనికి తిరగబడి ఉంటుంది. వేలిని దాటొచ్చిన రెండు వెలుగుల నిష్పత్తిని, ఆరోగ్యవంతులైన వలంటీర్ల మీద కొలిచి పెట్టుకున్న పట్టికతో పోల్చి 98 అనో 93 అనో చూపిస్తుంది. అంటే తెర మీది అంకె నేరుగా రక్తంలోంచి వచ్చింది కాదు. మధ్యలో ఓ పట్టిక, ఆ పట్టిక వెనక కొందరు మనుషులు ఉన్నారు.

ఆ మనుషుల ఒంటిరంగు వేరైతే? 2020 డిసెంబరులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన అమెరికా అధ్యయనం ఈ సంగతే తేల్చింది. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా ఆక్సీమీటర్ 'బాగానే ఉంది' అని చూపించడం తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడింతలు ఎక్కువ. గుడ్డ రంగు పలకను ఏమార్చినట్టే ఒంటిరంగు యంత్రాన్ని ఏమార్చింది. అలాగని ఆక్సీమీటర్ పనికిరానిదేం కాదు. అది ఎంతోమందిని సకాలంలో ఆసుపత్రికి చేర్చింది. 94 కన్నా తగ్గితే జాగ్రత్త అన్న మాట ఇంటింటికీ పాకింది. కానీ అంకె 96 ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే, నమ్మాల్సింది మనిషినే. చిన్న పలకతో కుస్తీ పట్టినవాడికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

గళ్ల మధ్య జాగా

ఎండను సరిచేసి, గుడ్డల సంగతీ తెలుసుకున్నాక ఇక బొమ్మ అందంగా రావాలనిపిస్తుంది. పదహారు గళ్లు పదహారు రంగు డబ్బాల్లా కనిపిస్తే ఏం బాగుంటుంది? అందుకే రెండు గళ్ల మధ్య జాగాను కంప్యూటర్ చేత నింపిస్తారు. ఒక గడిలో 200, పక్క గడిలో 400 ఉంటే నడుమ 300 వేసేయడమే. అప్పుడు తెర నిండా రంగులు పట్టుచీరలా జాలువారుతూ కనిపిస్తాయి.

దీన్ని చూసి మామూలువాళ్లు "భలే ఉంది" అని ఊరుకుంటారు. నేతపనివాడు ఊరుకోడు. "పలక మీద పదారు గళ్లేగదరా ఉండేది. మిగతాదంతా ఎవురు నేసినారు?"

బహుశా ఇంజినీరింగ్ కాలేజీలో కూడా ఇంత సూటిగా అడిగేవాళ్లు తక్కువే. పడుగులో ఎన్ని పోగులున్నాయో లెక్క తెలిసినవాడికి, లేని పోగు కనిపిస్తే అనుమానం రాకుండా ఉంటుందా! తెర మీది వేలాది చుక్కల్లో కొలిచినవి పదహారే. తక్కినవన్నీ లెక్క కట్టిన ఊహ. రెండు గళ్ల మధ్యన సన్నటి పుల్ల నిలబెడితే ఆ బొమ్మకు దాని జాడే తెలియకపోవచ్చు.

ఇదే సంగతి ఆకాశమంత పెద్ద కొలతలోనూ ఉంది. టీవీ వార్తల్లో తుపాను బొమ్మ చూపించేటప్పుడు తెల్లటి మేఘాలు సుడి తిరుగుతూ కనిపిస్తాయి కదా. 2013లో ఇన్‌శాట్-3డి, 2016లో ఇన్‌శాట్-3డీఆర్, 2024లో ఇన్‌శాట్-3డీఎస్ అంతరిక్షంలోకి వెళ్లాయి. చివరి రెండూ శ్రీహరికోట నుంచి ఎగిరినవే. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇలాంటి ఉపగ్రహాలు పరారుణంలో భూమిని చూస్తాయి. అందుకే అర్ధరాత్రి కూడా మేఘాల బొమ్మ వస్తుంది. నేల, సముద్రం, మేఘం... ఏది ఎంత వెచ్చగా ఉంటే అంత వెలుగు పంపిస్తుంది.

మరి చల్లటి మేఘం నల్లగా, వేడి నేల తెల్లగా కనిపించాలి కదా? కనిపించాల్సిందే! కానీ మేఘమంటే తెల్లగా ఉండాలని జనానికి అలవాటు. అందుకని రంగుల్ని తిరగేసి, చల్లగా ఉన్నదానికి తెలుపు వేస్తారు. ఆ తెలుపు ఎవరో తీసుకున్న నిర్ణయం. ఇందులో ఓ చిక్కు కూడా ఉంది. బొమ్మలో తెల్లగా ఉంటే మేఘం పైభాగం చల్లగా ఉందని అర్థం. అంతే తప్ప కింద వాన పడుతోందని కాదు. ఎంతో ఎత్తున తేలే పల్చటి మేఘం కూడా చుక్క వాన లేకుండానే తెల్లగా మెరవగలదు.

పైగా ఆ ఉపగ్రహాల ఉష్ణ పరారుణ చిత్రంలో ఒక్కో గడి నేల మీద సుమారు 4 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. నగరిలాంటి ఊరు కొద్ది గళ్లలో ఇమిడిపోతుంది. ఏ చెరువు కట్టకు గండి పడేంత వాన కురుస్తోందో, ఏ వీధి మునుగుతోందో ఆ గడి విడమరిచి చెప్పలేదు. 2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తినప్పుడు ఒకే ఊళ్లో ఒక వీధి మునిగితే ఇంకో వీధి తేలింది. ఉపగ్రహ చిత్రానికి తోడు వర్షమాపకం, రాడార్, చెరువు కట్ట మీద నిలబడ్డ మనిషి చూపు... అన్నీ కావాలి. గళ్ల మధ్య జాగాను నింపేది ఊహ కాకూడదంటే అక్కడో నిజమైన పోగు వెయ్యాలి మరి.

ఖాళీ అంటే లేదనా?

పలక నేర్పే ఆఖరి పాఠం ఇంకా గట్టిది. పలకకు జానెడు దూరంలో చెయ్యి ఆడించినా తెర నీలంగానే ఉండిపోవచ్చు. చెయ్యి లేక కాదు, వెనక్కొచ్చే వెలుగు సెన్సర్‌కు అందేంత లేక.

2023లో తిరుమల నడకదారిలో జరిగింది ఈ ప్రాంతం వాళ్లెవరూ మరచిపోరు. జూన్‌లో ఓ పసివాడిని చిరుత నోట కరుచుకుపోతే గాయాలతో బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత మధ్యాహ్నం 2 దాటాక పిల్లల్ని ఆ దారిలో పంపకుండా ఆంక్షలు పెట్టారు. భక్తుల చేతికి కర్రలిచ్చారు. అడవిలో కెమెరా ట్రాప్‌లు బిగించి, బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు.

కెమెరా ట్రాప్‌కు ఆయువుపట్టు పరారుణ సెన్సరే. అయితే ఇది పలకలాగా తన వెలుగు పంపి తిరిగి అందుకునే రకం కాదు. ఒంటి వేడి నుంచి వచ్చే పరారుణాన్ని కాచుకుని ఉంటుంది. చుట్టుపక్కల కన్నా వెచ్చగా ఉన్నదేదైనా కదిలితే కెమెరాను తట్టి లేపుతుంది. ఎండకు కాగిన ఆకులు ఊగినా ఒక్కోసారి ఫొటో పడుతుంది. అసలు ఇబ్బంది రెండోవైపు ఉంది. వేసవిలో రాయీ రప్పా జంతువు ఒంటితో సమానంగా వేడెక్కినప్పుడు దానికి తేడా తెలియకపోవచ్చు. జంతువు వెళ్లిపోతుంది, ఫొటో ఉండదు.

ఇప్పుడు ఆ ఫొటోల్ని అడవి పటం మీద ఎర్రచుక్కలుగా పెట్టారనుకోండి. చుక్క ఉన్నచోట చిరుత వచ్చిందని ఖాయంగా చెప్పొచ్చు. చుక్క లేనిచోట? అక్కడ చిరుత రాకపోయి ఉండొచ్చు. వచ్చినా సెన్సర్ గుర్తించకపోయి ఉండొచ్చు. అసలు అక్కడ కెమెరానే పెట్టకపోయి ఉండొచ్చు. మూడిటికీ పటం మీద ఒకటే రంగు... ఖాళీ! కొలవని చోటును, కొలిచినా ఏమీ దొరకని చోటును వేర్వేరు రంగుల్లో చూపిస్తేనే అది నిజాయతీగల పటం. పిల్లల్ని చెయ్యిపట్టుకుని కొండెక్కే తల్లిదండ్రులకు ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పాలా?

అట్టల్లో అల్లిన బొమ్మ

లెక్కను బొమ్మగా మార్చడం కంప్యూటర్ కాలం విద్య అనుకుంటారు. నేతగాళ్లకు అది పాత విద్యే. గళ్ల కాగితం మీద డిజైన్ వేసి, ఒక్కో గడినీ రంధ్రం ఉందా లేదా అన్న లెక్కగా అట్టల మీదికెక్కించి, ఆ అట్టల్ని మగ్గం పైన తిప్పితే కింద చీర అంచు మీద మామిడిపిందె తేలుతుంది. ఫ్రాన్స్‌లోని లియాన్ పట్నంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో పేటెంటు పొందిన మగ్గం ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఆయన మరణించాక దాదాపు 24 వేల అట్టలతో ఆయన బొమ్మనే పట్టులో నేశారు. కంప్యూటర్‌కు తాతలాంటి యంత్రాన్ని ఊహించిన చార్లెస్ బాబేజ్ ఆ పట్టుబొమ్మను అపురూపంగా దాచుకున్నాడు.

చేత్తో తాకితే స్పందించే తెరలాంటిదాన్ని చిన్న ప్రయోగంగా కూడా చేసుకోవచ్చు. 2007లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి జానీ చుంగ్ లీ, 40 డాలర్ల వీడియోగేమ్ రిమోట్‌లోని పరారుణ కెమెరాను, ఎల్ఈడీ బిగించిన పెన్నును జతచేసి మామూలు గోడను తాకే తెరగా మార్చేశాడు. ఎలా చేసుకోవాలో అందరికీ చెప్పేశాడు కూడా.

2023 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి పెద్ద పెద్ద ఇంటరాక్టివ్ ప్యానళ్లు వచ్చాయి. ఇలాంటి ప్యానళ్లలో చాలావాటి చట్రం చుట్టూ పరారుణ ఎల్ఈడీలు, వాటికి ఎదురుగా సెన్సర్లు ఉంటాయి. కిరణాలు నిలువుగా, అడ్డంగా గాజు మీద అల్లుకుని ఉంటాయి, అచ్చం పడుగూ పేకలా. వేలు పెట్టగానే ఒక నిలువు పోగు, ఒక అడ్డం పోగు తెగుతాయి. ఎక్కడ తెగాయో చూసి వేలు ఎక్కడుందో తెర కనిపెడుతుంది. కొన్ని మగ్గాల్లో పడుగు పోగు తెగగానే చిన్న రేకు జారి మగ్గాన్ని ఆపేస్తుంది కదా, ఆలోచన అదే!

ఆ తెర మీద వేలితో గీతలు గీసే పిల్లలకు దాని వెనకున్న అల్లిక తెలియకపోయినా పాఠం సాగిపోతుంది. కానీ ఆ పిల్లలే రేపు డాక్టర్ బల్ల మీది అంకెను, వాన హెచ్చరిక రంగును, ఏదో ఒక లెక్కకు వేసిన బొమ్మను నమ్మాలో వద్దో తేల్చుకోవాల్సి వస్తుంది. ప్యానల్ కొనడానికి సర్కారు ఉంది. నాలుగు ఎల్ఈడీలతో పలక చేసి, అది ఎండలో తప్పు చెప్పడం కళ్లారా చూడటానికి మాత్రం కొద్దిపాటి డబ్బులు, కావాల్సినంత ఓపిక, పక్కన నిలబడి మొహమాటం లేకుండా ప్రశ్నలేసే ఓ పెద్ద మనిషి కావాలి.

నగరిలో అలాంటి పెద్దలకు కొదవ లేదు. తమ పనితనం పిల్లల చదువుకు ఎందుకూ పనికిరాదనుకుంటున్నారు, అదొక్కటే లోటు!